పాత ఆర్‌ఓ మెంబ్రేన్లు: పాతబస్తీలో పునర్వినియోగం, పారవేత

నీటిలో కరిగిన లవణాలను ఒత్తిడితో వేరుచేసే పొరే ఆర్‌ఓ మెంబ్రేన్. ఇంటి గోడకు తగిలించిన శుద్ధి యంత్రంలో ఇది అడుగు పొడవు, రెండంగుళాల లోపు వ్యాసం ఉన్న చుట్ట. వీధిలోని మినరల్ వాటర్ ప్లాంటులో నాలుగు లేదా ఎనిమిది అంగుళాల వ్యాసంతో, మీటరు పొడవున ఉంటుంది. ఇంట్లో వాడేది మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది. నీళ్లు మరీ ఉప్పగా ఉంటే ఏడాదికే చేతులెత్తేస్తుంది. అప్పుడు మెకానిక్ వచ్చి కొత్తది వేస్తాడు, పాతది ఎటు పోయిందో ఎవరికీ పట్టదు. హైదరాబాద్ పాతబస్తీలో ఈ పాత మెంబ్రేన్లు మళ్లీ ఎందుకు పనికొస్తాయి, పనికిరానివి ఎక్కడికి చేరాలి అన్నదే ఈ వ్యాస విషయం. చెత్త గురించిన చర్చ మనదగ్గర ఎప్పుడూ చెత్తబుట్ట దగ్గరే మొదలవుతుంది: తడిచెత్తా, పొడిచెత్తా, ఏ డబ్బాలో వేయాలి అని. మెంబ్రేన్ విషయంలో అక్కడికి చేరేసరికే పుణ్యకాలం గడిచిపోతుంది. అది ఏ కారణంతో పాడైందో దాన్నిబట్టే దాని తర్వాతి గతి తేలాలి. ఆ కారణం కనిపించేది మెంబ్రేన్‌ను బిగించే గొట్టం, అంటే హౌసింగ్, మూత విప్పిన ఆ కాసేపట్లోనే, అదీ విప్పిన మెకానిక్‌కే. కాబట్టి పాత మెంబ్రేన్ బాధ్యతను ఇంటావిడ మనస్సాక్షికో మున్సిపల్ ఆటోకో కాక, దాన్ని బయటికి తీసే చేతికి అప్పగించే ఏర్పాటే ఈ సమస్యకు అసలు పరిష్కారం.

ఈ పొర చరిత్ర మరీ పాతదేం కాదు. 1950ల చివర లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసిన పొర వల్ల ఈ పద్ధతి ప్రయోగశాల గడప దాటింది. 1965లో ఆ రాష్ట్రంలోనే కోలింగా అనే చిన్న ఊరికి ఆర్‌ఓ నీరు అందింది. 1970లలో జాన్ కాడోట్ పాలిఅమైడ్‌తో ఇంకా పలుచని పొరను రూపొందించాడు. ఈనాడు చార్మినార్ పక్క గల్లీలో అమ్మే మెంబ్రేన్ అయినా, చెన్నై తీరంలో సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారంలోదైనా ఆ వంశానిదే. పాతదాన్ని ఒకదాన్ని తీసుకుని పైనున్న టేపు కోసి విప్పితే లోపలి నిర్మాణం తెలుస్తుంది. మధ్యలో వరసగా రంధ్రాలున్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దానికి అతికించి, మూడు వైపులా జిగురుతో మూసిన కవరు లాంటి పొరలు, వాటి మధ్య దోమతెరలాంటి పాలిప్రొపిలీన్ జాలీ, కవరు లోపల శుద్ధినీరు పారడానికి పాలియెస్టర్ గుడ్డ ఉంటాయి. మెంబ్రేన్ రేకు మళ్లీ మూడు పొరలు: అడుగున పాలియెస్టర్, దానిపై పాలిసల్ఫోన్, అన్నిటికన్నా పైన పాలిఅమైడ్. లవణాలను ఆపే పనంతా ఆ పై పొరదే. దాని మందం మిల్లీమీటరులో సుమారు అయిదువేల వంతు. మెంబ్రేన్ పాడైందంటే దాదాపు ఎప్పుడూ ఆ అయిదువేల వంతు పాడైందనో, దాని మీద ఏదో పేరుకుందనో అర్థం. మిగతా గొట్టం, జాలీ, గుడ్డ, రేకు అడుగు పొరలు నిక్షేపంగా ఉంటాయి. మొత్తాన్నీ పారేయడం ఎంత దండగో ఇక్కడే తెలుస్తుంది.

పాతబస్తీలో ఇన్ని మెంబ్రేన్లు ఎందుకు ఉన్నాయో అర్థం కావాలంటే నీళ్ల సంగతి చూడాలి. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో వరద నివారణ పథకం రూపుదిద్దుకుంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. జనం గండిపేట నీళ్లనేది ఆ ఉస్మాన్‌సాగర్ నీటినే. తర్వాత మంజీరా, సింగూరు, కృష్ణా, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నగరానికి చేరాయి. 1989లో ఏర్పడిన జలమండలి సరఫరా చేసే ఈ నదుల నీటిలో లవణాలు సాధారణంగా హద్దులోనే ఉంటాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కరిగిన ఘనపదార్థాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. వేరే ఆధారం లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు. మరి ఆర్‌ఓ ఎందుకు? ఒక కారణం భయం. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు, ఖాళీగా ఉన్నప్పుడు గొట్టంలోకి బయటి మురుగు లాక్కునే అవకాశం, డ్రైనేజీ పక్కనే నడిచే పాత లైన్లు. 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు చనిపోవడం నగరం మొత్తానికీ గుర్తుండిపోయింది. ఈ భయం సూక్ష్మజీవుల గురించి, లవణాల గురించి కాదు. దానికి మరిగించడమో, యూవీ దీపమో, యూఎఫ్ వడపోతో చాలు. రెండో కారణం బోరు. గ్రానైటు రాతి పగుళ్లలోంచి వచ్చే, ఇళ్ల మురుగుతో నైట్రేటు చేరిన బోరు నీటికి ఆర్‌ఓ నిజంగానే అవసరం పడుతుంది; నైట్రేటు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, అది దాటితే మరిగించినా పోదు, పైగా నీరు ఇగిరి గాఢత పెరుగుతుంది. తలాబ్‌కట్ట, హఫీజ్‌బాబానగర్ లాంటి ఇరుకు బస్తీల్లో రెండు రకాల నీళ్లూ ఒకే సంపులో కలిసిన ఇళ్లు తక్కువేం కావు.

ఈ రెండు రకాల నీళ్లు మెంబ్రేన్‌ను రెండు రకాలుగా చంపుతాయి. వ్యాసంలోని వాదమంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పొర మీద తెల్లగా గట్టిపడతాయి. చుట్ట చివర వేలితో గీకితే సుద్దలా రాలుతుంది. శుద్ధినీరు సన్నగా వస్తుంది, వృథానీరు ధారగా పోతుంది, కానీ వచ్చిన కాసిన్ని నీళ్ల టీడీఎస్ బాగానే ఉంటుంది. అంటే పొర చెక్కుచెదరలేదు, దారి మాత్రం మూసుకుపోయింది. జలమండలి నీళ్ల కథ దీనికి తలకిందులు. వాటిలో క్రిములు చావడానికి కలిపిన క్లోరిన్ మిగిలి ఉంటుంది. ముందున్న కార్బన్ కాట్రిడ్జ్ దాన్ని పీల్చుకోవాలి. కార్బన్ గడువు దాటినా మార్చకపోతే క్లోరిన్ నేరుగా పాలిఅమైడ్‌ను కొరుకుతుంది. అప్పుడు నీళ్లు మునుపటికన్నా ధారాళంగానే వస్తాయి. ఇంటివాళ్లు సంతోషిస్తారు కూడా. బోరు నీళ్లూ కలిసిన ఇంట్లో టీడీఎస్ మీటరు పెడితే మాత్రం లోపలికి 900 పోతే బయటికి 45 రావలసినచోట 270 వస్తుంది. తొంభై అయిదు శాతం ఆపిన పొర డెబ్భై శాతమే ఆపుతోందన్న మాట. నీటి ధార తగ్గి టీడీఎస్ బాగుంటే మూసుకుపోయినట్టు, ధార బాగుండి టీడీఎస్ పెరిగితే పొర దెబ్బతిన్నట్టు. మొదటిది శుభ్రం చేస్తే తిరిగి పనిచేయవచ్చు, రెండోది ఆర్‌ఓగా ఇక లేవదు. వీటికి తోడు మూడోది ఒకటి ఉంది: చుట్ట మెడమీది చిన్న రబ్బరు ఓ-రింగు తెగడం. టీడీఎస్ పెరగడానికి అది చాలు, నేరం మాత్రం మెంబ్రేన్ మీద పడుతుంది. రూపాయల్లో పోయేదానికి మొత్తం చుట్టే మారిపోతుంది.

క్లోరిన్ లెక్క కొంచెం విప్పి చెప్పుకోవాలి, ఎందుకంటే పునర్వినియోగానికి తాళంచెవి అందులోనే ఉంది. పొర తట్టుకునే క్లోరిన్‌ను గాఢత (పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులు), గంటల గుణకారంతో కొలుస్తారు. పాలిఅమైడ్ సుమారు వెయ్యి పీపీఎం-గంటల దగ్గర, కొన్నిసార్లు ఇంకా ముందే, దెబ్బతినడం మొదలవుతుంది. నీటిలో అర పీపీఎం క్లోరిన్ ఉండి కార్బన్ పనిచేయకపోతే రెండువేల గంటల వాడకంలో ఆ హద్దు వచ్చేస్తుంది. స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గరున్న ఇమ్దియా నీటి పరిశోధన సంస్థ ఈ బలహీనతనే పనిముట్టుగా మార్చుకుంది. లైఫ్ ట్రాన్స్‌ఫోమెమ్ అనే ఐరోపా ప్రాజెక్టులో పాడైన పెద్ద మెంబ్రేన్లను సోడియం హైపోక్లోరైట్‌లో, అంటే బ్లీచింగ్ ద్రవంలో, కావాలనే నానబెట్టారు. సుమారు 30,000 పీపీఎం-గంటల దగ్గర అవి నానోఫిల్ట్రేషన్ పొరల్లా, 3,00,000 దగ్గర పాలిఅమైడ్ దాదాపుగా కరిగిపోయి అడుగునున్న పాలిసల్ఫోన్ మాత్రం మిగిలి అల్ట్రాఫిల్ట్రేషన్ పొరల్లా పనిచేశాయి. అల్ట్రాఫిల్ట్రేషన్‌నే మన మెకానిక్‌లు యూఎఫ్ అంటారు. 6,000 పీపీఎం ద్రావణంలో 50 గంటలు ఉంచితే ఆ మూడు లక్షల లెక్క సరిపోతుంది. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో ఉన్న కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా హైపోక్లోరైట్‌తో ఆర్‌ఓ పొరల గుణాన్ని మార్చే ప్రయోగాలు చేశారు. పాతబస్తీ ఇళ్లలో కార్బన్ మార్చక పాడైన మెంబ్రేన్ ప్రయోగశాలలో కావాలని చేసే పనిని సగంలో ఆపినట్టు ఉంటుంది. బోరు నీళ్లకు బిగుసుకున్నదానికి ముందు కడుగుడు కావాలి. క్లోరిన్ కొరికినదానికి కడుగుడు దండగ, మిగిలిన పాలిఅమైడ్‌ను కూడా తొలగించడమే పని. చెత్తకుప్పలో పక్కపక్కన పడ్డాక ఈ రెంటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఆలస్యం చేయకూడదనడానికి ఇంకో కారణం తడి. వాడిన మెంబ్రేన్ ఎండితే పొరలోని సన్నని రంధ్రాలు ముడుచుకుపోతాయి, మళ్లీ తడిపినా మునుపటి ధార రాదు. తడిగా వదిలేస్తే బూజు, జిగట పెరిగి కంపు కొడుతుంది. అందుకే పెద్ద ప్లాంట్లలో తీసి దాచే మెంబ్రేన్లను ఒక శాతం సోడియం మెటాబైసల్ఫైట్ కలిపిన నీటితో మూసిన సంచుల్లో ఉంచుతారు. మెకానిక్ దగ్గర గట్టి ప్లాస్టిక్ సంచి, కొంచెం ఆ ద్రావణం ఉంటే ఇంటి మెంబ్రేన్ కూడా కొన్ని వారాలు భద్రంగా ఉంటుంది. కడగడానికి కూడా కారణాన్నిబట్టి మందు మారుతుంది. సున్నం పేరుకుంటే నిమ్మఉప్పు ద్రావణం, బురద జిగట అయితే కాస్టిక్ కలిపిన క్షార ద్రావణం. సిలికా గట్టిపడితే రెండూ అంతంతమాత్రమే. ఇక్కడ ఒక హెచ్చరిక పెద్ద అక్షరాలతో రాయదగ్గది: నిమ్మఉప్పుతో కడిగిన మెంబ్రేన్‌ను సరిగా జాలాడించకుండా బ్లీచింగ్ ద్రవంలో ముంచితే ఆమ్లం, హైపోక్లోరైట్ కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని స్నానాలగదిలో ఇది ప్రాణాంతకం. మూడు లక్షల పీపీఎం-గంటల పని ఇంట్లో, షాపు వెనక గదిలో చేయవలసింది కాదు. గాలి ఆడే షెడ్డు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, మిగిలిన క్లోరిన్‌ను బైసల్ఫైట్‌తో చంపి గానీ నీళ్లను డ్రైనేజీలోకి వదలని క్రమశిక్షణ ఉన్నచోటే చేయాలి. ఇంట్లో చేసుకునే చిట్కాలుగా దీన్ని ప్రచారం చేసేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పకపోవడం క్షమించరానిది.

యూఎఫ్‌గా మారిన పొర లవణాలను ఆపదు, బురదనూ చాలా మట్టుకు బ్యాక్టీరియానూ ఆపుతుంది. ఇలాంటి పొరతో పాతబస్తీలో ఏం పని అంటే, చాలానే ఉంది. మసీదుల్లో రోజుకు అయిదుసార్లు వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, వాడే నీళ్లు కొద్దిగా మాత్రమే మురికిపడి నేరుగా మోరీలోకి పోతాయి. వాటిని ఇసుక, స్పన్ ఫిల్టరు దాటించి పాత మెంబ్రేన్ల యూఎఫ్‌తో వడకడితే మరుగుదొడ్లకూ మొక్కలకూ వాడుకోవచ్చు. వజూకు మళ్లీ వాడాలన్న ప్రశ్నే లేదు కాబట్టి అక్కడ ధర్మసందేహం కూడా రాదు. చాంద్రాయణగుట్ట నుంచి బహదూర్‌పుర దాకా రోడ్డు వెంట కనిపించే ఫంక్షన్ హాళ్లలో చేతులు కడిగిన నీళ్లకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే ముందు నూనె, జిడ్డు ఆపే తొట్టి కావాలి. అన్నిటికన్నా సులువైన చోటు మినరల్ వాటర్ ప్లాంటే. 20 లీటర్ల డబ్బాలు ట్రాలీ ఆటోల్లో పంపే ఈ ప్లాంట్లు బోరు నీళ్లను నేరుగా ఖరీదైన మెంబ్రేన్ల మీదికి తోలుతాయి. తమ పాత ఎనిమిదంగుళాల మెంబ్రేన్‌ను యూఎఫ్‌గా మార్చి ముందు వరసలో పెట్టుకుంటే కొత్త మెంబ్రేన్ మీద బురద, జిగట భారం తగ్గుతుంది. ఎనిమిదంగుళాల మెంబ్రేన్‌లో దాదాపు 37 చదరపు మీటర్ల పొర ఉంటుంది. ఇంటి మెంబ్రేన్‌లో అర చదరపు మీటరు కూడా ఉండదు. అంటే ఒక పెద్దది డెబ్భైకి పైగా చిన్నవాటితో సమానం. మార్పిడి కేంద్రం పెద్దవాటితోనే గిట్టుబాటవుతుంది. చిన్నవాటి విషయంలో ప్రాధాన్యం ముందు ఆయుష్షు పెంచడానికి, ఆ తర్వాత విడదీయడానికి ఇవ్వాలి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వేసిన జీవితచక్ర లెక్కలు కూడా నేరుగా మళ్లీ వాడటం, మార్చి వాడటమే కరిగించడం, కాల్చడం, పూడ్చడం కన్నా మేలని తేల్చాయి.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. ఇంటి మెంబ్రేన్ మామూలు చెత్తతో కలిసి స్వచ్ఛ ఆటో ఎక్కి, చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. లేదా ఫిల్టరు మొత్తాన్నీ కబాడీకి వేస్తే అతను ట్యాంకు ప్లాస్టిక్, పంపులోని రాగి, అడాప్టరు తీసుకుని మెంబ్రేన్‌ను పక్కకు విసిరేస్తాడు. అతణ్ని తప్పుపట్టలేం. ఒకే రకం ప్లాస్టిక్‌కే రేటు పలుకుతుంది. ఇక్కడ అయిదారు రకాలు జిగురుతో అతుక్కుని ఉన్నాయి. కాటేదాన్‌లో పాత ప్లాస్టిక్‌ను కరిగించి గింజలు చేసే యూనిట్లు చాలా ఉన్నాయి కానీ అక్కడ కూడా కలగాపులగం సరుకు అక్కర్లేదు. అక్కర్లేనిది ఖాళీ స్థలంలో కాలుతుంది. పాలిసల్ఫోన్‌లో గంధకం ఉంది, పాలిఅమైడ్‌లోనూ జిగురులోనూ నత్రజని ఉంది. తక్కువ వేడిలో అవి కాలితే వచ్చే పొగలో సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లతో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉండవచ్చు. జవహర్‌నగర్‌లో చెత్త నుంచి విద్యుత్ తీసే కర్మాగారం ఉంది కదా, అందులో వేసి కాలిస్తే పోదా అంటారు. ఎక్కువ వేడి, పొగను శుభ్రం చేసే ఏర్పాటు ఉన్న బట్టీలో కాల్చడం ఖాళీ స్థలంలో కాల్చడం కన్నా నూరుపాళ్లు మేలు, అందులో వాదం లేదు. కానీ పెద్ద మెంబ్రేన్ పైన గాజునార, ఎపాక్సీ తొడుగు ఉంటుంది. గాజు కాలదు, బూడిదను పెంచుతుంది. పైగా ఇంకా కొన్నేళ్లు నీళ్లు వడకట్టగల పొరను ఒక్కసారి మంటలో వేస్తే దక్కేది కాస్త వేడి. అది చివరి మెట్టు కావచ్చు, మొదటిది కాకూడదు.

చట్టం ఈ సరుకును చాలాకాలం చూడనే లేదు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల కింద ఉత్పత్తిదారుల బాధ్యత ప్రధానంగా ప్యాకేజింగ్ మీద ఉంది. మెంబ్రేన్ ప్యాకేజింగ్ కాదు. ఫిల్టరులోని పంపు, అడాప్టరు, సర్క్యూటు ఈ-వ్యర్థాల దారిలో పోవచ్చు, యూవీ దీపంలో పాదరసం ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా ఇవ్వాలి. మెంబ్రేన్‌లో విద్యుత్తూ లేదు, పాదరసమూ లేదు. 2019 మే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 టీడీఎస్ లోపు నీళ్లున్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిరోధించమని, వృథానీటిని తగ్గించమని కేంద్రాన్ని ఆదేశించడంతో ఈ రంగం మీద కదలిక వచ్చింది. 2023 నవంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నీటి శుద్ధి యంత్రాల వినియోగంపై నిబంధనలు ప్రకటించి, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చేలా గడువు పెట్టింది. వాడేసిన భాగాల నిర్వహణ కూడా వాటి పరిధిలోకి వచ్చింది. కాగితం మీద ఇది మంచి అడుగే. అయితే ఉత్పత్తిదారు బాధ్యత అనగానే మన ఊహలో మెదిలేది పెద్ద బ్రాండ్ల కంపెనీ. పాతబస్తీ ఇళ్లలో ఉన్న ఫిల్టర్లు ఎక్కువగా విడిభాగాలు తెచ్చి బిగించినవి: బాడీ ఒకచోటిది, పంపు ఇంకోచోటిది, మెంబ్రేన్ మూడోచోటిది. వెనక్కి తీసుకోవలసిన ఉత్పత్తిదారు ఎవరని అడిగితే జవాబు దొరకదు. కంపెనీ చిరునామా లేని సరుకుకు మెకానిక్ చిరునామా ఒక్కటే మిగులుతుంది. బాధ్యతను ఇంటిదాకా తీసుకురావలసిన గొలుసులో చివరి లంకె అతనే. పై లంకెగా విడిభాగాలు టోకున అమ్మే దుకాణదారు ఉంటే సరిపోతుంది. మెకానిక్ పాత మెంబ్రేన్ తెస్తే కొత్తదానిపై కొంత తగ్గించడం, పాత బ్యాటరీకి ఇన్వర్టరు షాపుల్లో చేస్తున్నట్టే, అలవాటైన లెక్క.

దీనికి అందరూ చెప్పే ఆక్షేపణ మెకానిక్ మీది అపనమ్మకం. కొత్త మెంబ్రేన్ అమ్మితేనే అతనికి మిగులు. పాతది బాగుందని అతనే ఎందుకు చెబుతాడు? ఆక్షేపణలో నిజం ఉంది. ఓ-రింగు తెగిన ఫిల్టరుకు మెంబ్రేన్ మార్చిన బిల్లు వేయడం ఈ వృత్తిలో కొత్త కాదు. అయితే దానికి మందు అతణ్ని పక్కన పెట్టడం కాదు, అతని సంపాదనను అమ్మకం నుంచి పరీక్ష వైపు జరపడం. లోపలి టీడీఎస్, బయటి టీడీఎస్, ఒక నిమిషంలో నిండిన నీళ్లు, ఈ మూడు అంకెలు ఫిల్టరు పక్కన అంటించిన కాగితం మీద తేదీతో రాయాలి. ఆ మూడు చదవడానికి ఇంటివాళ్లకు రసాయనశాస్త్రం అక్కర్లేదు. పోయినసారి 45 ఉన్నది ఈసారి 50 అయితే మార్చాల్సిన పనిలేదని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. పరీక్షకూ కడుగుడుకూ విడిగా రుసుము ఉంటే, పాతది వెనక్కి ఇస్తే విలువ వస్తే, అబద్ధం చెప్పడంలో లాభం సన్నగిల్లుతుంది. రెండో ఆక్షేపణ ఇంకా పదునైనది: సేకరించిన పాత మెంబ్రేన్లు కడిగి, కొత్త కవరు తొడిగి, పేరున్న బ్రాండు స్టిక్కరుతో మళ్లీ మార్కెట్లోకి వస్తే? ఏ సేకరణ కేంద్రానికైనా ఇది నిజమైన ప్రమాదం. అడ్డుకట్ట కూడా చిన్నదే. విడదీయడానికి పంపేదాని మెడను, ఓ-రింగులున్న ఆ కొసను, అక్కడికక్కడే కట్టరుతో తెగ్గొడితే అది ఇక ఏ హౌసింగ్‌లోనూ కూర్చోదు. మార్పిడికి పోయే పెద్దవాటికి బయట తాగడానికి కాదు అని చెరగని రంగుతో రాయాలి. మారిన యూఎఫ్ పొరలు వడకట్టిన నీటిని నేరుగా తాగడానికి ఇవ్వకూడదన్న నియమంలో మినహాయింపు ఉండకూడదు. ఎక్కడ జిగురు వీడిందో, ఎక్కడ సూదిమొన చిల్లు పడిందో ప్రతి చుట్టనూ పరీక్షించే ఏర్పాటు బస్తీ స్థాయిలో సాధ్యం కాదు.

ఇంత శ్రమ ఎందుకు, నగరం రోజూ పారేసే చెత్తలో మెంబ్రేన్ల బరువెంత అని అడిగేవాళ్లున్నారు. బరువులో చూస్తే ఇది పాలిథిన్ సంచుల ముందు లెక్కలోకే రాదు. ప్రపంచం మొత్తంలో ఆర్‌ఓ కర్మాగారాలు పారేసే మెంబ్రేన్లు ఏటా పదివేల టన్నులకు పైనే అని పదేళ్ల కిందటే పరిశోధకులు అంచనా కట్టారు. అదీ పెద్ద నగరాల ప్లాస్టిక్ వ్యర్థాల ముందు చిన్న అంకే. కానీ ఇక్కడ పోయేది బరువొక్కటే కాదు. మూసుకుపోయిన మెంబ్రేన్‌తో నెట్టుకొచ్చే ఇల్లు ప్రతి బిందెకూ మామూలుకన్నా ఎక్కువ నీళ్లు మోరీలో పోస్తుంది. ఇంటి ఆర్‌ఓలు బాగున్నప్పుడే ఒక లీటరుకు రెండు మూడు లీటర్లు వదులుతాయి. పొర దెబ్బతిన్న సంగతి తెలియని ఇల్లు నైట్రేటు నీళ్లను శుద్ధినీళ్లనుకుని పసిపిల్లలకు పడుతుంది. మెంబ్రేన్ ఎందుకు పాడైందో చూసే అలవాటు చెత్తను తగ్గించడానికి ముందే ఈ రెంటినీ పట్టిస్తుంది. అసలు ఆర్‌ఓలే మానేస్తే పోదా అన్నది మరో వాదన. నది నీళ్లు మాత్రమే వచ్చే ఇళ్ల వరకు అది సబబైనదే. అక్కడ యూవీ, యూఎఫ్ చాలు, మెంబ్రేన్ కొనకపోవడాన్ని మించిన పారవేత లేదు. మెకానిక్ మీటరు ముందు కుళాయిలో పెట్టి 500 లోపు చూపిస్తే ఆ మాట చెప్పవలసినది కూడా అతనే. బోరు మీద బతికే ఇంటికి మాత్రం ఆ సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం. నది నీళ్లు రోజూ, సరైన ఒత్తిడితో, ప్రతి గల్లీకీ అందేదాకా మెంబ్రేన్లు పాతబస్తీలో ఉంటాయి.

ఇక ఎందుకూ పనికిరానివి. వాటిని విప్పితే గొట్టం, చివరి మూతలు ఎక్కువగా ఏబీఎస్‌వి. నీటి మరకలు, జిగురు లేకుండా కోస్తే కాటేదాన్ యూనిట్లు తీసుకుంటాయి. జాలీ పాలిప్రొపిలీన్, సులువుగా కరుగుతుంది. కరిగించే ముందు దానికి ఇంకో ఉపయోగం ఉంది: మేడమీద కుండీల్లో తీగలు పాకడానికి, నారుమడి మీద పక్షుల నుంచి కాపలాకు అది బాగా పనిచేస్తుంది. పాలియెస్టర్ గుడ్డను తుడవడానికి వాడుకోవచ్చు. హౌసింగ్ పగలకపోతే కొత్త మెంబ్రేన్‌కు అదే చాలు, మార్చమంటే ఒప్పుకోనక్కర్లేదు. మిగిలేది జిగురంటిన మెంబ్రేన్ రేకు, బరువులో చిన్న భాగం. బోరు నీళ్లలోని లోహాలు, సున్నం దాని మీద పట్టి ఉంటాయి గనుక రేకును పొడిచెత్తగా విడిగా మూట కట్టి నిర్ణీత బట్టీకో పూడ్చే స్థలానికో పంపడమే ప్రస్తుతానికి దారి. కర్మాగారాల వ్యర్థజలాలపై పనిచేసిన మెంబ్రేన్లు ఈ లెక్కలోకి రావు. రంగుల పరిశ్రమలోనో మందుల కంపెనీలోనో వాడినవాటిలో ఏం చిక్కుకుందో తెలియదు కాబట్టి వాటిని ప్రమాదకర వ్యర్థాలుగా చూసి దుండిగల్‌లోని శుద్ధి కేంద్రం లాంటి చోటికే పంపాలి. ఇంటి మెంబ్రేన్లతో వాటిని ఒక్క బస్తాలో కూడా కలపకూడదు. కలిశాయంటే మొత్తం బస్తా దుండిగల్ ఖర్చుకు వెళ్తుంది, ఆ ఖర్చు భరించలేక మళ్లీ ఖాళీ స్థలానికే చేరుతుంది.